గరికపాడుకు ఆరు, వేదాద్రికి సున్నా

కరెంటు కోతను తిట్టేవాళ్లకు లెక్క తెలియదు. ఒక్క రేషన్ కార్డు అడిగినవాడికి ఆరు కార్డులిచ్చిన పథకం ఇంకెక్కడైనా ఉంటే చూపించండి!

ఇది జగ్గయ్యపేటలో ఎనభై ఎనిమిదో సంవత్సరం మాట. కార్డులు ప్రింటు చేయడానికి ఒక ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. ఆ విడతలో మొదటి ఊరు గరికపాడు, చివరి ఊరు వేదాద్రి. పని పూర్తికావడానికి పగలంతా పడుతుంది. కరెంటు పగలంతా ఉండదు. తిరిగి వచ్చాక కంప్యూటరు ఏం చేయాలి? ఎక్కడ ఆగిందో దానికి గుర్తుండదు. మళ్లీ గరికపాడు నుంచే మొదలుపెడుతుంది.

ప్రింటయిన కార్డును పంచకుండా ఉంచకూడదని రూలు. అలా గరికపాడు రైతు రత్తయ్యకు ఆరు కార్డులు వచ్చాయి. వేదాద్రిలో బసవమ్మకు ఒక్కటీ రాలేదు. ఆమె పాత కార్డు కంప్యూటరు వచ్చిన రోజే రద్దయింది. ఇంట్లో కిరసనాయిలు అయిపోయింది.

బసవమ్మ వెళ్లి ఆఫీసరు వరప్రసాదరావు గారిని అడిగింది.

"ఆగిన కాడినించి మొదలెట్టొచ్చు గదండీ?"

"ఎక్కడ ఆగిందో ఒకళ్లు రాసిపెట్టుకోవాలమ్మా. ఆ పోస్టు శాంక్షన్ కాలేదు."

"పోనీ ఈసారి మా ఊరినించి మొదలెట్టండి బాబూ."

"గరికపాడు వాళ్లు ఊరుకుంటారా?"

ఎందుకు ఊరుకుంటారు? ఏడో కార్డు రావాల్సినవాళ్లు.

ఆఫీసు ఏమీ చేయలేదనకండి. కరెంటు తీసే ముందు ఫోన్ చేయించే ఏర్పాటు చేశారు. ఫోన్ మోగగానే ఆపరేటరు భవానీప్రసాద్ పనిని పద్ధతిగా ఆపాలి. అయితే కంప్యూటరు గదిలోకి చెప్పులతో పోకూడదు. అందరి చెప్పులూ కిటికీ లేని నడవాలో ఒకే కుప్ప. కరెంటు పోతే అక్కడ చీకటి. అందుకని ఫోన్ మోగగానే స్టాఫంతా చెప్పుల కోసం పరుగెత్తేవారు. అందరికంటే ముందు భవానీప్రసాద్. ఆయన నందిగామ బస్సు అందుకోవాలి.

ఈలోగా బసవమ్మకు కిరసనాయిలు దొరికింది. రత్తయ్య దగ్గర, బ్లాకులో.

"నీకియ్యక ఎవరికిస్తానక్కా? ఇది మీ ఊరి కోటానేగా," అన్నాడు రత్తయ్య.

పైకి ఫిర్యాదులు వెళ్లాయి. ఒక్కొక్కరి పేరు మీద ఐదేసి కార్డులు రద్దు చేయమని ఉత్తర్వు వచ్చింది. ఆ పని కూడా కంప్యూటరుకే ఇచ్చారు. గరికపాడులో ఐదేసి రద్దయ్యాయి. కరెంటు పోయింది. వచ్చింది. పని మళ్లీ మొదటినుంచి మొదలైంది. ఆరోదీ పోయింది.

ఇప్పుడు రత్తయ్యా బసవమ్మా కార్డు కోసం ఒకే క్యూలో ఉన్నారు. మన రాజ్యాంగం కోరిన సమానత్వాన్ని కరెంటు కోత తెచ్చిందా లేదా?

"ఎక్కడన్నా రెండు లీటర్లు దొరుకుద్దా అక్కా?" అని రత్తయ్య అడిగాడు.

"దొరికితే నీ గుమ్మం ఎందుకెక్కేదాన్ని?" అంది బసవమ్మ.

కరెంటు మీద నాకు ఫిర్యాదు లేదు. అది పోతుందని ఈ మండలంలో అందరికీ తెలుసు. తెలిసినవాళ్లు ముందే దీపం తుడిచి, వత్తి కత్తిరించి పెట్టుకుంటారు. బసవమ్మ కూడా పెట్టుకుంది. అందులో పోయడానికే ఏమీ లేదు.