వయసుకు తగ్గ పుస్తకమే చదవాలి!

జూన్ మూడున, బ్రెడ్డు మీద జామ్ రాసుకుని తింటుండగా నాకో సత్యం బోధపడింది. పిల్లల్ని చెడగొట్టేది సెల్‌ఫోన్ కాదు, లైబ్రరీ! అక్కడ మంచి పుస్తకాలుంటాయి. చదివితే ఆలోచన పుడుతుంది. ఆలోచన పుడితే ప్రశ్న వస్తుంది. ప్రశ్న వచ్చిన ఇంట్లో పెద్దలకు కంటిమీద కునుకుంటుందా?

అదృష్టం కొద్దీ మా లైబ్రరీకి కొత్త మెషీన్ వచ్చింది. కార్డు పెడితే చాలు, వయసు చూసి ఏ పుస్తకం ఇంటికి పంపాలో అదే తేలుస్తుంది. పదిహేనేళ్లకు ఎంట్రన్స్ గైడ్లు. నలభైకి పొట్ట తగ్గించే మార్గాలు. డెబ్బైకి మోకాళ్ల వ్యాయామాలు. ఎంత దయ! ఇక మనిషి ఏ వయసులోనూ దారి తప్పే వీల్లేదు. మీ లైబ్రరీలోనూ పెట్టించండి!

మా మనవరాలి సంగతే చూడండి. కొత్త స్కూల్లో మాట కలిపేవాళ్లు లేక మధ్యాహ్నం మెట్ల మీద ఒక్కతే కూర్చుని అన్నం డబ్బా ఖాళీ చేస్తుంది. అలా కూర్చుంటే బుర్ర ఊరుకుంటుందా?

"తాతయ్యా, నానమ్మ మొహం గుర్తొస్తోంది గానీ గొంతు రావట్లేదు. మర్చిపోయినవన్నీ ఎక్కడికి పోతాయి?" అంది మొన్న.

చూశారా, గైడ్లు చదవకపోతే ఎంత ప్రమాదమో! నేను కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాను.

లైబ్రరీకి తీసుకెళ్తే, జ్ఞాపకాల మీద ఓ లావుపాటి పుస్తకం వెతికి పట్టుకుంది. కార్డు పెడితే మెషీన్ కీచుమంది: 'మీ వయసుకు తగదు.' నా కార్డు పెట్టాను. మళ్లీ కీచు! అంటే ఆ పిల్లకు ఇంకా తొందర, నాకేమో ఆలస్యం!

"మరి ఎవరికి తగుతుంది తాతయ్యా?"

"మెషీన్‌కే, తల్లీ."

లైబ్రేరియన్ అమ్మాయి నవ్వాపుకుంది. "బాబాయిగారూ, దాని పెత్తనమంతా ఇంటికి తీసుకెళ్లేవాటి మీదే. ఇక్కడ కూర్చుని చదివితే దానికేం తెలుస్తుంది? నాకెలాగూ ఇంకా సర్దే పని ఉంది."

మనవరాలు కుర్చీ జరిపి, "రా, నువ్వూ చూడు," అని పక్కన చోటిచ్చింది. వాళ్ల నానమ్మ పోయాక నేను ఎవరి పక్కనా కూర్చుని చదవలేదు.

మూసే వేళయింది. నియమం నియమమే కదా! లైబ్రేరియన్ మెషీన్ స్విచ్ ఆపి, వీధి తలుపు లోపలినుంచి చప్పుడు కాకుండా మూసేసింది.

మమ్మల్ని లోపలే ఉంచి.