గొర్రెకూ తోడేలుకూ సమన్యాయం

మా మేనత్త గొర్రె గిట్టలోంచి ముల్లు తీస్తుండగా తోడేళ్ళ సమస్యను శాశ్వతంగా పరిష్కరించే సంఘం మా ఇంట్లోకి ప్రవేశించింది. అత్త లేవలేదు. లేస్తే ముల్లు లోపలే విరుగుతుంది. సంఘం వారు దీన్ని అగౌరవంగా తీసుకోలేదు. మోకాళ్ళ మధ్య గొర్రెను ఇరికించుకున్న కాపరి వెనక వరసగా నిలబడి ముందు ఫొటో తీయించుకున్నారు. ఆ వెలుగుకు గొర్రె బెదిరి తన్నింది. ముల్లు మాత్రం వచ్చేసింది. సంఘం సాధించిన తొలి విజయం అదే.

సమావేశం బాధిత ప్రాంతంలోనే జరగాలని నిబంధన. కొండ కింద మాదే ఆఖరి ఇల్లు కాబట్టి బాధిత ప్రాంతమంటే మా ముందు గదే. అందులో ఉన్నవి రెండు కుర్చీలు, ఒక పెట్టె. పెట్టె మీద ఎవరు కూర్చోవాలన్న దానిపై ముప్పావు గంట చర్చ జరిగింది. దాన్ని మొదటి అంశంగా నమోదు చేయమన్నారు. నమోదు చేసే పని నాకు పడింది. ఆ ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే.

సంఘంలో ముగ్గురు పెద్దలు. అధ్యక్షత వహించిన అధికారి గొప్ప నిష్పక్షపాతి. ఆయన తోడేలును ఎప్పుడూ చూడలేదు, గొర్రెను ప్రాణంతో ఉండగా అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. కనుక ఎవరి వైపూ మొగ్గే ప్రమాదం లేదు. తోడేళ్ళ మిత్రమండలి తరఫున ఒక ప్లీడరు గారు వచ్చారు. తోడేలు పేరెత్తితే ఆయన కళ్ళు చెమరుస్తాయి. వాటి ప్రశాంతతకు భంగం కలగకూడదని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కొండల వైపు రాలేదట. పశుపోషకుల సంఘం తరఫున దాని అధ్యక్షుడు వచ్చాడు. పట్నంలో నాలుగు మాంసం దుకాణాలున్న మనిషి. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని సామెత ఉంది కదా, మరి గొర్రెలకు అంతటి నమ్మకస్తుడు వేరే ఎక్కడ దొరుకుతాడు? ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

ఇరుపక్షాలూ తమ కరపత్రాలు పంచాయి. ప్లీడరు గారి కరపత్రంలో తోడేలు బొమ్మ కింద ‘మన నేస్తం’ అని ఉంది. దుకాణాల ఆయన కరపత్రంలో ‘మన శత్రువు’ అని ఉంది. రెండూ ఒకే ప్రెస్సులో అచ్చయ్యాయి. ప్రెస్సులో ఉన్నది ఒకే బొమ్మ, అది ప్రెస్సు యజమాని బావమరిది కుక్కది. అత్త రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసింది.

“కుక్క బాగుంది. బాగా తిన్న కుక్క,” అంది.

ఈ వ్యాఖ్య అజెండాలో లేదు కాబట్టి నమోదు చేయవద్దన్నారు.

తర్వాత ఉపన్యాసాలు. తోడేలు ఈ నేలకు ఆత్మ అని, ఆత్మను కాపాడుకోలేని సమాజానికి శరీరం ఉండీ ప్రయోజనం లేదని ప్లీడరు గారు సెలవిచ్చారు. నోరులేని జీవం ఒక్కటి తోడేలు నోట పడినా తన గుండె తరుక్కుపోతుందని దుకాణాల ఆయన అన్నాడు. తరగడంలో ఆయన అనుభవాన్ని శంకించగలవారు అక్కడ లేరు.

ఆ పిమ్మట విచారణ మొదలైంది. ఈ ఏడాది మందలో ఎన్ని పోయాయని అధికారి అడిగారు. మూడు పోయాయని అత్త చెప్పింది. ఒక కుంటి గొర్రెను తోడేలు పట్టుకుపోయింది. మిగతా రెండింటినీ చీల్చింది కుక్కలు. పట్నం మాంసం దుకాణాల వ్యర్థాలు తెచ్చి కొండ వెనక పారబోస్తున్నారు, అవి తిని కుక్కలు మందలు మందలుగా పెరిగాయి, ఆ బండి రాని రోజు అవి ఇటు వస్తాయి.

అధికారి ఫారం తిరగేసి చూశారు. అందులో చంపిన జంతువు అన్న చోట తోడేలు అని ముందే అచ్చు వేసి ఉంది. కుక్కలు ఈ సంఘం పరిధిలోకి రావని, వాటికి వేరే సంఘం ఉందని, దానికి ఇంకా సభ్యులను వేయలేదని ఆయన ఓపిగ్గా వివరించారు. కనుక మూడూ తోడేలు ఖాతాలోనే పడ్డాయి. దుకాణాల ఆయన సంతోషించాడు. ప్లీడరు గారూ సంతోషించారు. మూడు గొర్రెలు తినేంతగా తోడేళ్ళు వృద్ధి చెందాయంటే అది మండలి కృషి కాక మరేమిటి?

ఇక పరిష్కారం. మీకేం కావాలని అత్తను అడిగారు. దొడ్డి గోడ ఇంకో మూరెడు లేపడానికి నాలుగు బండ్ల రాయి, ఆ వ్యర్థాలు ఇంకెక్కడైనా పారబోయడం, అంతే చాలంది. తోడేలు ఉండబట్టే కుక్కలు కొండ ఎక్కడం లేదని, అది ఏడాదికి ఒకటో రెండో పట్టుకుపోయినా అది లేకపోతే మందే మిగలదని కూడా చెప్పింది. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత చిన్న పరిష్కారానికి ఇంత పెద్ద సంఘం వేశామని తెలిస్తే పైవాళ్ళ ముందు తలెత్తుకోలేమని అధికారి బాధపడ్డారు.

“అవన్నీ తర్వాత చూద్దాంలెండి. ముందు ఆ తోడేలు బొరియ ఎక్కడుందో చెప్పండి,” అన్నారు.

ఈ ఒక్క విషయంలో మాత్రం ప్లీడరు గారూ దుకాణాల ఆయనా ఒకేసారి ముందుకు వంగారు. కాపాడాలన్నా చంపాలన్నా ముందు చోటు తెలియాలి కదా. ఆ చోటు తెలిసిన మనిషి అత్త ఒక్కతే.

“చెప్తే ఏం చేస్తారు?”

బొరియ చుట్టూ కంచె వేయిస్తామని, కొండ మీద గొర్రె గిట్ట కూడా పడనివ్వమని ప్లీడరు గారు చెప్పారు. మరి మంద మాటేమిటంటే, దాన్ని అమ్మేయవచ్చని, అత్తకు తోడేలు బొమ్మలు కుట్టడంలో ఉచితంగా శిక్షణ ఇప్పిస్తామని అభయమిచ్చారు. దుకాణాల ఆయన ఇంత దూరం పోలేదు. నలుగురు తుపాకీవాళ్ళు, ఒక్క పూట, పిల్లలతో సహా తేలిపోతుందన్నాడు.

అత్త ముందు ప్లీడరు గారి వైపూ, తర్వాత దుకాణాల ఆయన వైపూ చూసింది.

“ఆయన మాట నెగ్గితే నేను కొండ దిగాలి. ఈయన మాట నెగ్గితే అది చావాలి. ఇద్దరం ఉండే కాగితం ఏదీ తేలేదా సార్?”

అధికారి మంచి మనిషి. ఫైలంతా మొదటి నుంచి చివరిదాకా వెతికారు.

“అలాంటిది ఇంకా అచ్చు కాలేదమ్మా,” అన్నారు.

పాము చావకుండా కర్ర విరగకుండా పని చేసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. మా అధికారి అంతకంటే ఒక మెట్టు పైన ఉన్నవారు. పామూ చచ్చేలా, కర్రా విరిగేలా, ఇద్దరూ చప్పట్లు కొట్టేలా తీర్మానం చెప్పి నాచేత రాయించారు. ఇరుపక్షాల కోరికనూ సంపూర్ణంగా మన్నించడమైనది. తోడేళ్ళ క్షేమం కోసం గొర్రెలన్నిటినీ కొండ మీది నుంచి దించవలెను. గొర్రెల క్షేమం కోసం తోడేళ్ళన్నిటినీ కొండ మీది నుంచి తొలగించవలెను. కొండంతా గాలిస్తారు కనుక బొరియ చోటు ఎవరూ చెప్పనవసరం లేదు.

అప్పుడు కొండ ఖాళీ అవుతుంది కదా, దాన్నేం చేయాలన్న ప్రశ్న వచ్చింది. విచిత్రంగా ఇద్దరి సంచుల్లోనూ నమూనా చిత్రాలు సిద్ధంగా ఉన్నాయి. కింది సగంలో దుకాణాల ఆయన రాతి క్వారీ. పై సగంలో మిత్రమండలి విడిది గృహం, దాని ముందు సిమెంటు తోడేలు. ఈ అంశం రెండు నిమిషాల్లో ముగిసింది. ఇరుపక్షాలూ చేతులు కలిపాయి. సహజీవనం సాధ్యమేనని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

తీర్మానాన్ని కాపరుల ప్రతినిధికి, అంటే అత్తకు, చదివి వినిపించాలని నిబంధన. నేనే వినిపించాను. మన్నించడమైనది, దించవలెను, తొలగించవలెను అని ఎక్కడా తడబడకుండా చదివాను. అత్త గోడకు ఆనుకుని నా నోటి వంకే చూస్తూ నిలబడింది.

“అభ్యంతరం ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పాలమ్మా,” అన్నారు అధికారి.

అత్త ఆయన వైపు చూడలేదు, నా వైపే చూసింది. నేను కాగితం వైపు చూశాను. అత్త మూలనున్న కట్టె తీసుకుని, చెప్పులు తొడుక్కుని, తలుపు చప్పుడైనా చేయకుండా బయటికి నడిచింది.

“అభ్యంతరం లేదని రాసుకో తల్లీ,” అన్నారు అధికారి.

రాశాను. అది అబద్ధమేమీ కాదు. అభ్యంతరం ఉన్న ఒక్క మనిషీ అప్పటికే గడప దాటిపోయింది.