ముత్తాతగారి మేడకు కాలినడకన

“వర్తమానాన్ని ఎవడైనా సంపాదించుకుంటాడు. గతాన్ని సంపాదించినవాడే మొనగాడు!”

ఈ మహావాక్యాన్ని మా టైల్స్ మిత్రుడు తన దుకాణంలో, స్నానాల గది గోడలకు అంటించే నీలిరంగు పలకల మధ్య నిలబడి ఉద్ఘాటించాడు. వినడానికి నేనూ, మా పళ్ళ డాక్టరూ తప్ప మరెవరూ లేరు. అయినా గొంతు మాత్రం మైదానం నిండా జనం ఉన్నట్టే పెట్టాడు. ఊళ్ళో కొత్తగా లేచిన మేడల్లో సగం స్నానాల గదులు వాడి చలవే. వాడికి కారుంది, బంగళా ఉంది, బంగళా ముందు నోట్లోంచి నీళ్ళు చిమ్మే చేప బొమ్మ ఉంది. లేనిదల్లా చెప్పుకోదగ్గ ముత్తాత ఒక్కడే.

ముత్తాతతో ఇప్పుడేం పనంటారా? వాడి కూతురు ఒక అబ్బాయిని ఇష్టపడింది. ఆ అబ్బాయి తండ్రికి లిఫ్టుల కంపెనీ ఉంది. పిల్ల విషయంలో వాళ్ళకు పేచీ లేదు, పిల్లాడి విషయంలో వీళ్ళకు పేచీ లేదు. కానీ ఆ లిఫ్టుల పెద్దమనిషి మొదటిసారి వచ్చినప్పుడే కాఫీ తాగుతూ ఒక మాట అన్నాడట. “ఆస్తులూ అవీ మాకు ముఖ్యం కాదండీ. మేం వంశం చూస్తాం.”

ఆనాటి నుంచి మావాడికి అన్నం సయిస్తే ఒట్టు! గోదాములో అన్ని రకాల టైల్సూ ఉన్నాయి గానీ, వంశం మాత్రం స్టాకు లేదు.

“ఒరేయ్, నువ్వు మీ ఆఫీసులో రిటైరయ్యేవాళ్ళందరికీ సన్మాన పత్రాలు రాస్తావుగా. మా ముత్తాతకి ఒకటి రాసిపెట్టరా,” అన్నాడు నాతో.

“అలాగే. ఇంతకీ ఆయన ఏం చేశాడు?”

“అది నువ్వే చెప్పాలి!”

పథకం ఇదీ. పాత నగరంలో ఆదివారాలు ఒక గైడు జనాన్ని వెంటేసుకుని వీధులన్నీ నడిపిస్తాడు. ఈ మధ్య దాన్ని వారసత్వ నడక అంటున్నారు. స్నేహితులంతా సరదాగా వెళ్తున్నాం, మీరూ రండి అని కాబోయే వియ్యంకుణ్ణి పిలవాలి. గడియార స్తంభం వెనక కమానులూ, చెక్క వసారా ఉన్న పెద్ద మేడ ఒకటుంది. అక్కడ గైడు ఆగి, మావాడి ముత్తాతను అనుకోకుండా పొగడాలి. మావాడు అనుకోకుండా సిగ్గుపడాలి. నేనూ డాక్టరూ అనుకోకుండా ఆశ్చర్యపోవాలి. దీనికి దుకాణంలో తలుపులు వేసుకుని రిహార్సల్ కూడా చేశాం. నోరెళ్ళబెట్టడం డాక్టరుకు చక్కగా కుదిరింది. వృత్తిరీత్యా ఆయన తెరిచిన నోళ్ళు చాలా చూసినవాడు.

నేను రాత మొదలుపెట్టాను. కరువులో ధాన్యం కొట్లు తెరిచి ఊరందరికీ పంచిన దాత అని రాశాను. పాలకులు బిరుదు ఇస్తామంటే, “ప్రజల ఆకలి తీరాక ఆలోచిద్దాం” అని తోసిపుచ్చిన ధీరుడన్నాను. రాస్తూ రాస్తూ నాకే ఆయన మీద గౌరవం పెరిగిపోయి, ఆయన కన్నుమూసే వాక్యం దగ్గరికి వచ్చేసరికి నిజంగానే కళ్ళు చెమర్చాయి. గైడును మావాడు ముందే మంచి చేసుకుని, ఆ కాగితం అప్పగించి వచ్చాడు.

ఆదివారం పొద్దున్నే గడియార స్తంభం దగ్గర కలుసుకున్నాం. పిల్లలిద్దరూ వచ్చారు గానీ, ఇద్దరు తల్లులూ రాలేదు. వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళకు గౌరవం ఉంది. కాబోయే వియ్యంకులిద్దరూ మాత్రం కొత్త బూట్లతో దిగారు. లిఫ్టుల పెద్దమనిషి నేల మీద నడిచి చాలా కాలమైనట్టుంది, మొదటి వీధి మలుపులోనే కుంటడం మొదలుపెట్టాడు. అయినా మొహంలో నవ్వు చెరగనిస్తేనా!

“మాకు ఈ వీధులంటే ప్రాణం బావగారూ,” అన్నాడు.

“మాకు మాత్రం కాదా బావగారూ!” అన్నాడు మావాడు, మడమ దగ్గర కరుస్తున్న బూటును రహస్యంగా సవరించుకుంటూ.

గైడు చూపించినదల్లా చూశాం. చూపించనివి కూడా చూశాం. ఒకచోట లిఫ్టుల పెద్దమనిషి గోడ ఒకటి చూసి ఆగిపోయాడు. “ఆహా! ఏం పొందిక! ఏం నిగ్రహం! ఈ రోజుల్లో ఇలా కట్టేవాళ్ళేరీ?”

గైడు మర్యాదగా, “అది పోయినేడు కట్టిన మరుగుదొడ్డండీ. చరిత్ర ఇటువైపు,” అన్నాడు.

“అదే, పాత పద్ధతిని ఎంత చక్కగా నిలబెట్టారా అని!”

మావాడు ఉండబట్టలేక, “లోపలి టైల్స్ మా...” అనబోయి, వంశం గుర్తొచ్చి టక్కున నోరు మూసుకున్నాడు. పిల్లలిద్దరూ వెనక నడుస్తూ ఏదో చెప్పుకుని ఒకటే నవ్వు. వాళ్ళకి చరిత్ర మీద గౌరవం లేదని మేం పెద్దవాళ్ళం చూపులతోనే అనుకున్నాం.

చివరికి మేడ వచ్చింది. గైడు గొంతు సవరించుకున్నాడు.

“ఇది మామూలు మేడ కాదండీ! కరువు కాలంలో ధాన్యం కొట్లు తెరిచిన మహాదాత మేడ. ఆయన వీధిలోకి వస్తే ముందు ఏనుగు నడిచేది!”

ఏనుగు సంగతి నేను రాయలేదు. సొంత కవిత్వం కాబోలు, పోనీలే అనుకున్నాను.

“ఆ మహానుభావుడి మునిమనవడు ఎవరో కాదు. ఈ క్షణంలో మన మధ్యే, ఇంత నిరాడంబరంగా నిలబడి ఉన్నారు!”

మావాడు తల వంచుకుని, చేతులు జోడించి ఒక అడుగు ముందుకు వేశాడు. సరిగ్గా అప్పుడే లిఫ్టుల పెద్దమనిషి కూడా తల వంచుకుని, చేతులు జోడించి ఒక అడుగు ముందుకు వేశాడు.

“అబ్బే, నాదేముందండీ, అంతా పెద్దల పుణ్యం,” అన్నారు ఇద్దరూ ఒకేసారి!

డాక్టరూ నేనూ ఆశ్చర్యపోయాం. ఇది రిహార్సల్లో లేని ఆశ్చర్యం. ఏనుగు ఎక్కడి నుంచి వచ్చిందో నాకప్పుడు అర్థమైంది. ఇద్దరూ విడివిడిగా గైడును మంచి చేసుకున్నారు. లిఫ్టుల పెద్దమనిషి తన కాగితం ఎవరి చేతో పంపినట్టుంది, రెండు కాగితాలూ ఒక్క మునిమనవడివే అనుకున్నాడు గైడు పాపం. ఒక్క క్షణం తడబడి, వెంటనే తేరుకున్నాడు.

“అవునండీ, ఇద్దరూ! చాలా పెద్ద కుటుంబం!”

ఏం చేస్తారు? వెనక్కి తగ్గితే పరువు పోతుంది. ఇద్దరూ గాఢంగా కౌగిలించుకున్నారు. “ఎంత చిత్రం బావగారూ! మనది ఒకే ఇల్లా!” “రక్తం ఎక్కడికి పోతుంది బావగారూ!”

మా డాక్టరు చెడ్డవాడు కాదు. కాకపోతే ఎక్కడ పుచ్చు కనిపించినా కెలికి చూడకుండా ఉండలేడు.

“బావగారేమిటండీ? ఒకే ముత్తాత అయితే మీరు అన్నదమ్ములు కదా! మరి పిల్లలేమవుతారు? అన్నాచెల్లెళ్ళు!”

కౌగిలి ఊడిపోయింది.

“ఆలోచిస్తే, మేడ మీదేనేమో అన్నయ్యగా... బావగారూ,” అన్నాడు మావాడు.

“ఎంత మాట! మీదే. ఆ ఠీవి మీలోనే ఉంది.”

“నాకు ఠీవి ఎక్కడిదండీ, బూట్లు కరిచి అలా నిలబడ్డాను. ఉంచుకోండి, మీరే ఉంచుకోండి!”

తమది కాని మేడను ఇంత ఉదారంగా ఒకరికొకరు ఇచ్చుకున్నవాళ్ళను నేనెక్కడా చూడలేదు. కానీ ఎంతసేపు ఇచ్చుకుంటారు? తీసుకునేవాడు ఉండాలిగా! మర్యాద కాస్తా వేడెక్కింది.

“అంటే ఇందాక మీరు చెప్పింది అబద్ధమన్నమాట!”

“మీరు చెప్పింది మాత్రం నిజమా?”

“వంశం లేనివాళ్ళతో ఈ సంబంధం సంగతి మళ్ళీ ఆలోచించాలి!” అన్నాడు లిఫ్టుల పెద్దమనిషి.

“ఆలోచించేదేముంది? ఇక్కడితో సరి!” అన్నాడు మావాడు.

పిల్ల మొహం పాలిపోయింది. ఆ పిల్ల నా చేతుల్లో పెరిగింది. ఈ సంబంధం తప్పిపోతే, మధ్యలో అడ్డంగా నిలబడిన మహాదాతను పుట్టించిన పాపం నాదే. నోరు తెరిచి నిజం చెప్పేద్దామనుకున్నాను, ధైర్యం చాలలేదు.

ఆ పిల్లే ముందుకు వచ్చింది.

“చాలు నాన్నా! ఏ మేడా మనది కాదు. మీ ముత్తాత ఈ వీధిలో తోపుడు బండి మీద కుండలు అమ్మేవాడని నానమ్మ నాకు ఎప్పుడో చెప్పింది. నేను తనకి చెప్పేశాను కూడా.”

“మీ ముత్తాత ఇక్కడే మూటలు మోసేవాడు నాన్నా. ఆ సంగతి నేనూ చెప్పేశాను,” అన్నాడు అబ్బాయి. “అసలు మేమిద్దరం మొదట మాట్లాడుకున్నవి ఆ కబుర్లే. అవి విన్నాకే తను నాతో కాఫీకి వచ్చింది.”

పెద్దమనుషులిద్దరూ మేడ వైపు చూడలేదు, మా వైపు చూడలేదు, నేల చూపులు చూశారు. నాకైతే ఆ పిల్లను దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. హమ్మయ్య, సంబంధం నిలబడింది, ఇక అందరం సుఖంగా కూర్చుని బూట్లు విప్పుకోవచ్చు అనుకున్నాను.

లిఫ్టుల పెద్దమనిషి మెల్లగా తలెత్తాడు.

“మూటలంటే అవేమీ తేలిక మూటలు కావు బావగారూ. కాళ్ళకి చెప్పులు కూడా ఉండేవి కావు మహానుభావుడికి!”

మావాడు వెంటనే నిటారయ్యాడు.

“చెప్పులా? మా ముత్తాత బండికి ఒక చక్రం ఎప్పుడూ ఊడిపోయే ఉండేది! ఒంటిపూట భోజనం!”

“ఒంటిపూట ఉండేదా? అదృష్టవంతులు. మావాళ్ళకి ఆ పూటా అనుమానమే!”

గైడు కళ్ళు మెరిశాయి. వృత్తి నైపుణ్యం అంటే అదీ!

“అయితే ఇటు రండి బాబూ! అసలు చరిత్ర ఇక్కడుంది!” అంటూ మేడ ముందున్న అరిగిపోయిన రెండు మెట్లు చూపించాడు. “ఎండ వేళ ఆ కష్టజీవులు నడుం వాల్చింది ఈ మెట్ల మీదే!”

ఇద్దరూ గౌరవంగా అద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

“మా ముత్తాత కూర్చున్నది కింది మెట్టు,” అన్నాడు మావాడు, వంగి ఆ మెట్టును తడుముతూ.

“కింది మెట్టు మాది బావగారూ. మీవారిది పై మెట్టు అయి ఉంటుంది. వ్యాపారం కదా, కాస్త కలిగినవాళ్ళు.”

“ఎవరండీ కలిగినవాళ్ళు? మాటలు తిన్నగా రానివ్వండి!”

“బాబాయ్, మళ్ళీ మొదలైంది,” అంది పిల్ల నా చెయ్యి పట్టుకుని.

“తగువెందుకండీ!” అన్నాడు గైడు చల్లగా. “దీని కింద ఇంకో మెట్టు ఉండేది. రోడ్డు ఎత్తు పెంచినప్పుడు లోపలికి పోయింది.”

పెద్దమనుషులిద్దరూ కొత్త బూట్లు విడిచారు. పక్కపక్కనే వంగి, ఆ తారు రోడ్డుకు భక్తితో నమస్కరించారు.

“అదీ మా ముత్తాత మెట్టు!” అన్నారు ఒకే గొంతుతో.

డాక్టరు వాళ్ళ వంకా పిల్లల వంకా మార్చి మార్చి చూసి, “అయితే ఇద్దరి ముత్తాతా ఒక్క...” అని మొదలుపెట్టాడు. పిల్ల ఒక్క ఉదుటున వెళ్ళి ఆయన నోరు మూసింది.