మునియమ్మగారి ఉన్నత జీవనశైలి

చేనేత కార్మికుడు బట్ట నేయగలిగితే సరిపోదని, తాను ఎలా బతుకుతున్నాడో ఇంగ్లీషులో చెప్పగలిగితేనే కార్మికుడిగా లెక్కలోకి వస్తాడని నేత కార్మికుల జీవనశైలి ధ్రువీకరణ విభాగం ఆలస్యంగానైనా గుర్తించింది. దీనికి కారణం లేకపోలేదు. విదేశాల నుంచి వచ్చిన ఒక కొనుగోలుదారు ఒక నేతగాణ్ణి ఇంగ్లీషులో 'ఎలా ఉన్నారు?' అని అడిగితే, ఆయన 'లుంగీ' అని జవాబిచ్చాడట. (ఆ జవాబు తప్పని ఎవరూ రుజువు చేయలేదు గాని, పై అధికారులు చిన్నబోయారు.) ఆ మధ్యాహ్నమే ఒక కమిటీ వేశారు.

కమిటీ పద్నాలుగు నెలలు కూర్చుని, మనిషి బతుకు మొత్తం మూడు భాగాలేనని తేల్చింది. దినచర్య, తీరిక వేళ, మనోభావాలు. మూడింటికీ కలిపి నూట ఎనభై ఇంగ్లీషు మాటలను ఆమోదించి ఒక యాప్‌లో పెట్టింది. ఆ మాటల్లో తన బతుకును ఇమిడ్చి పంపినవారికి గుర్తింపు కార్డు కొత్తది వస్తుంది. ఇమడనివారు తమ బతుకును సరిచేసుకుని మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు.

తమిళ సీమలోని గుడియాత్తం నెల్లూరుపేటలో ఉండే మునియమ్మకు ఈ కమిటీ సంగతి తెలియదు. యాభై మూడేళ్ల మనిషి. ముప్పై అయిదేళ్లుగా గుంత మగ్గం మీద గళ్ల లుంగీలు నేస్తోంది. ఆమెకు తెలిసిందల్లా తన కుడి కంటికి పాలమీగడ లాంటి పొర కమ్మిందని. పడుగులో పోగు తెగితే కనిపించడం లేదు. మొదట్లో వేళ్లతో తడిమి పట్టుకునేది. ఈమధ్య ఎడమ కన్ను కూడా మసకబారి, తెల్ల పోగేదో నీలిపోగేదో తేల్చుకోవడానికి గుమ్మంలోకి వచ్చి ఎండలో పెట్టి చూసుకోవలసి వస్తోంది.

నూలు ఇచ్చి లుంగీలు నేయించుకునే గుణశేఖర్ ఆరు లుంగీలు తిరిగి తీసుకొచ్చాడు. గడులు కలవలేదు. గడప అవతలే నిలబడి, ఆమె మొహం చూడకుండా చెప్పాడు.

"అక్కా, నీ చేతి నేతకి పేరు పెట్టేంతవాణ్ణి కాను. కానీ ఇంకొక తూరి ఇట్లనే వస్తే ఈ మగ్గానికి నూలు ఇచ్చేదానికి లేదు. నన్నేం చేయమంటావు చెప్పు?"

"కంటికి ఆపరేసన్ చేస్తే సరిపోతాదంటనప్పా. అంతదాకా ఓర్చుకో."

"ఎప్పుడు చేసుకుంటావు?"

"కార్డు వచ్చినాక."

నేతవాళ్ల కంటి ఆపరేషన్ పథకంలో పేరు రాసుకోవాలంటే కార్డు ఉండాలి. మునియమ్మ కార్డు గడువు పోయిన నెలే తీరింది. పథకంలో పేర్లు రాసుకోవడం ఈ నెలాఖరుతో ఆపేస్తారు. అందుకని మర్నాడు ఆమె మగ్గం దిగి, బజారు వీధిలో జిరాక్స్ అంగడి మేడ మీదికి ఎక్కింది.

అక్కడ లోగనాథన్ అనే ఆయన ఇంగ్లీషు నేర్పుతాడు. విభాగం ఆయనను 'అధీకృత దినచర్య సహాయకుడు'గా నియమించింది. చాలా నిజాయితీపరుడు. తప్పు ఇంగ్లీషు రాయడం కన్నా చెయ్యి నరుక్కోవడం మేలనుకునే రకం. (ఈ గుణమే తర్వాత కొంప ముంచింది.)

"అక్కా, పొద్దున ఎన్నింటికి లేస్తావు?" అని ఫోను చేతపట్టుకుని మొదలుపెట్టాడు.

"నాలుగున్నరకి. కొళాయిలో నీళ్లు వచ్చేది అప్పుడే కదప్పా."

'అయిదు గంటలకు ముందే నిద్ర లేస్తాను' అన్న వాక్యం మీద వేలు నొక్కాడు లోగనాథన్.

"కొళాయి యాడ ఉండాది?"

"సందు చివర. ఎనిమిది బిందెలు, ఎనిమిది నడకలు."

'మార్నింగ్ వాక్' నొక్కాడు. కాసేపు ఆలోచించి, న్యాయంగా ఉండాలని, 'బరువులతో వ్యాయామం' కూడా నొక్కాడు.

"టిఫను?"

"టిఫను యాడిదప్పా? పదకొండుకి రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసుకుని తింటా. మళ్ల మధ్యాన్నం తినేది లేదు."

లోగనాథన్ కళ్లు మెరిశాయి. పొద్దుటి టిఫినుకూ మధ్యాహ్నం భోజనానికీ నడుమ ఒక్కసారే తినే తిండికి ఇంగ్లీషులో ప్రత్యేకంగా ఒక మాట ఉంది. ఆయన దాన్ని పన్నెండేళ్లుగా పాఠంలో చెబుతున్నాడు గాని, వాడే అవకాశం గుడియాత్తంలో ఒక్కసారీ రాలేదు. 'బ్రంచ్' అని తృప్తిగా నొక్కాడు.

"పని చేసేది యాడ?"

"ఇంట్లోనే. మగ్గం ఇంట్లో కదా ఉండేది."

'వర్క్ ఫ్రమ్ హోమ్.'

"మధ్యాన్నం నిద్రపోతావా?"

"నిద్రా పాడా! ఒక్కోసారి మగ్గం మీదనే తల వాలిపోతాది. నాడె జారి కాలి మీద పడితే ఉలిక్కిపడి లేస్తా."

'పవర్ న్యాప్.'

"రాత్రికి?"

"ఉంటే తింటాం. లేకుంటే నీళ్లు తాగి పడుకుంటాం."

ఈసారి లోగనాథన్ వేలు కాసేపు గాలిలోనే ఆగింది. దానికీ జాబితాలో మాట ఉంది. 'ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్,' అంటే ఒంటికి మంచిదని పూట మానడం. మాట ఉన్నప్పుడు వాడకపోవడం భాషకు ద్రోహం కాబట్టి, దాన్ని కూడా నొక్కాడు.

తీరిక వేళ దగ్గర చిక్కొచ్చింది.

"తీరిగ్గా ఉన్నప్పుడు ఏం చేస్తావక్కా?"

"తీరిగ్గా అంటే?"

"అదేనక్కా, పని లేనప్పుడు."

"పని లేనప్పుడు పని యాడ దొరుకుతాదా అని తిరుగుతా."

యాప్‌కు ఇది నచ్చలేదు. తీరిక లేనివాళ్లు మనుషుల్లో ఉండరని కమిటీ ముందే తీర్మానించినందున, ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకు కదలదు. లోగనాథన్ బతిమాలాడు. పాటలైనా వినవా అన్నాడు.

"పక్కింటి రేడియో వినపడతాది. వద్దన్నా వినపడతాది."

'సంగీతం వింటాను' అని నొక్కి, మొదటి రెండు భాగాలూ పంపించాడు. మూడోదైన మనోభావాలు ఆఫీసులో అధికారి ఎదుటే చెప్పుకోవాలి.

"నా బతుకంతా చెప్పేసినా కదప్పా, సరిపోతాదా?" అని అడిగింది మునియమ్మ.

"బ్రహ్మాండంగా వచ్చిందక్కా. ఇంత చక్కటి దినచర్య నేను ఇంతవరకు రాయలేదు."

నాలుగో రోజు జవాబు వచ్చింది. లోగనాథన్ ఫోను పట్టుకుని తానే నెల్లూరుపేటకు వచ్చి, వాకిట్లో నిలబడి చదివాడు. అయిదుకు ముందే లేచి, వాకింగు చేసి, బ్రంచ్ తీసుకుని, ఇంటి నుంచే పని చేస్తూ, పవర్ న్యాప్ కూడా ఆస్వాదిస్తున్న శ్రీమతి మునియమ్మగారిది 'ఉన్నత జీవనశైలి' అని విభాగం గుర్తించి అభినందించింది. కార్డులు అవసరమైనవారి కోసం ఉద్దేశించినవి గనుక ఆమె దరఖాస్తును సంతోషంతో తిరస్కరించింది. ఆమె తన విజయ రహస్యాన్ని చిన్న వీడియోగా తీసి పంపితే తోటి కార్మికులకు స్ఫూర్తిగా ఉంటుందని కోరింది.

మునియమ్మ భర్త ఎల్లప్ప గోడవారగా కూర్చుని కండెలు చుడుతున్నాడు. మాట తక్కువ మనిషి. రాట్నం ఆపి తలెత్తాడు.

"మనం ఇంత బాగా బతుకుతా ఉండామని ఒక్కరూ చెప్పలేదే," అన్నాడు.

మునియమ్మ నవ్వింది. పమిట నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ఆ తర్వాత మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంది. ఎదురుగా ఉన్న పడుగు మంచులో పొలంలా ఉంది. ఎక్కడ తెగిందో, ఎక్కడ అతకాలో తెలియక చేతులు ఒడిలో పెట్టుకుని అట్లాగే ఉండిపోయింది. మగ్గంలో నాడె ఆడే చప్పుడు లేని ఆ ఇంట్లో పక్కింటి రేడియో చాలా స్పష్టంగా వినిపించింది.

లోగనాథన్‌కు మనసు చివుక్కుమంది. "రాసినదాంట్లో ఒక్క మాటా తప్పు లేదక్కా," అన్నాడు, అదే తన బాధ అన్నట్టు. "వేలూరికి పోయి అప్పీలు చేద్దాం. నేనూ వస్తా."

ఇద్దరూ పొద్దున్నే బస్సెక్కారు. విభాగం ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు మీద 'ఉన్నత జీవనశైలి గలవారు మెట్లు వాడగలరు' అని రాసి ఉన్నందున మునియమ్మ మెట్లు వాడింది. టోకెను తీసుకుని మూడు గంటలు కూర్చున్నాక 'మనోభావాల అధికారి' హేమమాలిని గదిలోకి పిలిచారు. ఆవిడ తమిళంలో మొదలుపెట్టి, మునియమ్మ లోగనాథన్‌తో మాట్లాడే మాట విని, తెలుగులోకి దిగింది. వాళ్లదీ తిరువలం దగ్గర తెలుగు మాట్లాడే ఇల్లేనట.

"మీ కేసు చూసినానమ్మా. స్థాయి తగ్గించాలంటే దినచర్య మార్చుకోవాల. ఎనిమిదికి లేవచ్చు కదా?"

"ఎనిమిదికి లేస్తే నీళ్లెవరు పడతారు తల్లీ?"

"పోనీ, మూడు పూట్లా తినండి. అప్పుడు బ్రంచ్ ఎగిరిపోతాది. మీరు పేదవాళ్ల కిందికి వస్తారు."

"మూడు పూట్లా తినేదానికుంటే నేను ఈడికి ఎందుకు వస్తా?"

"ఆ ప్రశ్న మా విభాగంలోకి రాదమ్మా," అంది హేమమాలిని. కటువుగా అనలేదు. నిజంగానే రాదు. "అప్పీలుకి ఇంక మనోభావం ఒక్కటే మిగిలుండాది. ఇప్పుడు మీకు ఎట్లనిపిస్తా ఉండాదో చెప్పండి."

గోడ మీద పట్టిక ఉంది. మొదటి స్థాయి దరఖాస్తుదారులకు అయిదు మనోభావాలు మంజూరయ్యాయి: సంతోషం, చాలా సంతోషం, ఉత్సాహం, ప్రశాంతత, కాస్త అలసట.

"కోపం లేదా మేడమ్?" అని అడిగాడు లోగనాథన్.

"కోపం మూడో స్థాయి. మొదటి రెండూ పాసైనాక దరఖాస్తు పెట్టుకోవచ్చు." (కోపపడే అర్హత వచ్చేలోపల చాలామందికి కోపపడే ఓపిక పోతుందని కమిటీ లెక్కగట్టింది.)

మునియమ్మ బల్ల మీద రెండు చేతులూ ఆనించింది.

"తల్లీ, ముప్పై అయిదేండ్లుగా నేస్తా ఉండా. నా చేతి లుంగీలో ఒక్క పోగు తప్పిందని ఎవురూ అన్లేదు. ఇప్పుడు ఆరు లుంగీలు తిప్పి పంపినారు. కన్ను కనపడ్లేదంటే నువ్వు బాగా బతుకుతా ఉండావు పో అంటాండారు. ఏం చెప్పమంటావు నన్ను? కడుపు మండిపోతా ఉండాది!"

హేమమాలిని ఆమె కుడి కంటిలోని తెల్లపొర వంక చూసింది. తర్వాత కంప్యూటరు వంక చూసింది.

"కడుపులో మంటా?" అంది నెమ్మదిగా.

"మంటే."

"ఎన్నాళ్లుగా?"

"మీ యాప్ వచ్చినప్పటినుంచి."

"తిన్నాక ఎక్కువగా ఉంటాదా, తినకముందా?"

"మీ జవాబు చదివినాక ఎక్కువైంది."

హేమమాలిని 'ఇతరములు' అనే గడిలో ఇంగ్లీషులో టకటకా కొట్టింది. లోగనాథన్ మెడ సాచి తెర మీదికి చూసి, ప్రాణం పోయినట్టు అదిరిపడ్డాడు.

"మేడమ్, అది నుడికారం! దాన్ని మాటకి మాట అట్ల రాస్తే అర్థం పూర్తిగా..."

మునియమ్మ బల్ల కింద ఆయన కాలు గట్టిగా తొక్కింది. ముప్పై అయిదేళ్లు మగ్గం తొక్కిన కాలు అది. లోగనాథన్ నోరు మూసుకుని, జన్మలో తొలిసారి ఒక తప్పుడు ఇంగ్లీషును కళ్లారా చూస్తూ భరించాడు.

తెర ఎర్రబడింది. కడుపులో మంట మనోభావం కాదని, జబ్బని యాప్ పసిగట్టింది. జబ్బుకు స్థాయిలు లేవు. అప్పటికప్పుడు ఆసుపత్రి చీటీ ఒకటి యంత్రంలోంచి బయటికి వచ్చింది. ఆ చీటీతో వెళ్లినవారిని కార్డు అడగరు.

ఆసుపత్రిలో పార్థిబన్ అనే కుర్ర డాక్టరు చీటీ చదివి, రక్తం ఉందో లేదో చూద్దామని ఆమె కింది కనురెప్పను వేలితో లాగాడు. లాగినవాడు అట్లాగే ఆగిపోయాడు.

"అమ్మా, కడుపు సంగతి సరే, ఈ కన్ను ఎన్నాళ్లుగా ఇట్ల ఉండాది?"

ఆమె ఎన్నింటికి లేస్తుందో ఆయన అడగలేదు. పేరూ వయసూ రాసుకుని కంటి విభాగానికి పంపించాడు. ఎనిమిదో రోజు ఆపరేషన్ అయింది. కట్టు విప్పగానే ఆమెకు ఎదురుగా కనిపించింది ఎల్లప్ప.

"ఏమయ్యా, తలంతా ఇంత తెల్లబడిపోయిందేమి నీకు?"

"నువ్వు చూసుకుంటా ఉన్నప్పుడు నల్లగానే ఉండె," అన్నాడు ఎల్లప్ప, మొహం పక్కకు తిప్పుకుని.

నెలన్నర తర్వాత గుణశేఖర్ నూలు తెచ్చి గుమ్మంలో దించాడు. మునియమ్మ తిరిగొచ్చిన ఆ ఆరు లుంగీలనూ వెలుతురులో విప్పి చూసుకుని, సిగ్గుతో గబగబా మడిచేసింది. కార్డు ఇప్పటికీ రాలేదు. పరిశీలనలో ఉందని అప్పుడప్పుడు ఫోనుకు సందేశం వస్తుంది.

అయితే కొళాయి దగ్గర నెల్లూరుపేట ఆడవాళ్లు ఊరుకోలేదు. ఒకరికి చూపు లేదు, ఒకరికి మోకాళ్లు వంగవు, అందరిదీ ఉన్నత జీవనశైలే. ఆఫీసులో ఏం చెప్పి పని జరుపుకున్నావో చెప్పమని నిలేశారు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పినా," అంది మునియమ్మ.

ఆ మరుసటి నెల నుంచి వేలూరు మూడో అంతస్తులో టోకెన్లు అయిపోతూ వచ్చాయి. హేమమాలిని తలెత్తకుండా 'ఇతరములు' గడిలో టైపు చేస్తూ వచ్చింది.

సంవత్సరాంతంలో విభాగం నివేదిక వెలువడింది. అందులో గుడియాత్తం గురించి మూడే వాక్యాలున్నాయి. నేత కార్మికులు యాప్ పట్ల పూర్తి సంతృప్తితో ఉన్నారు. ఎవరిలోనూ కోపం నమోదు కాలేదు. నలభై మూడు మందికి గ్యాసు ఉన్నట్టు తేలినందున మాత్రలు పంపడమైనది.