ఏడు నిమిషాల్లో పదకొండు పాములు

గురువారం పొద్దున టిఫిను తింటూనే లైబ్రరీ టీచరు చీటీ మీద మూడు ఆటలు రాసుకుంది. పుస్తకంలో మొదటి వాక్యం చదివి వినిపిస్తే అది ఏ పుస్తకమో చెప్పడం ఒకటి. కళ్లు మూసుకుని పేజీ తెరిచి, వేలు పడిన మాటతో నమ్మదగిన అబద్ధం చెప్పడం రెండోది. పుస్తకాలను ఒకదాని మీద ఒకటి పేర్చి, వెన్ను మీది పేర్లు పైనుంచి కిందికి చదివితే ఒక కబురు వచ్చేలా చేయడం మూడోది. ఏది ఆడించినా ఏడు నిమిషాల్లో అయిపోవాలి.

గొడవంతా ఆ ఏడు నిమిషాల దగ్గరే. పిల్లలు పాత పుస్తకాలిచ్చి కొత్తవి తీసుకున్నాక, గంట కొట్టేలోపు సరిగ్గా అంత సమయం మిగులుతుంది. అప్పుడు అందరూ నోటి మీద వేలేసుకుని కూర్చోవాలని హెడ్మాస్టరు గారు సర్క్యులర్ పంపారు. వారం తిరక్కుండానే లైబ్రరీ కిటికీలోంచి నవ్వులు వినబడ్డాయి. దాంతో రెండో సర్క్యులర్ వచ్చింది. ఇంకొక్కసారి కాలం వృథా అయినట్టు తెలిస్తే, సోమవారం నుంచి లైబ్రరీ పీరియడ్లు తీసేసి లెక్కలకు ఇచ్చేస్తారట. లెక్కల టీచరు లైబ్రరీ టీచరుకు ఆడపడుచు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంటగది.

"వదినా, ఈ ఒక్క వారం పిల్లలను నోటి మీద వేలేయించి కూర్చోబెట్టు. నాకా పీరియడ్లు వద్దు. ఉన్నవాటికే గొంతు పోతోంది," అంది ఆడపడుచు.

"పిల్లల వేలు పుస్తకం మీద పెట్టించడానికి పెట్టుకున్నారు నన్ను, నోటి మీద పెట్టించడానికి కాదు," అని చీటీ మడిచి పర్సులో వేసుకుంది వదిన.

మూడో పీరియడ్ ఆరో తరగతిది. ఏడు నిమిషాలు మిగలగానే ఆమె తలుపులు బార్లా తెరిచి పెట్టి మరీ మూడో ఆట మొదలుపెట్టింది. కళ్లద్దాల అమ్మాయి ఒకతె అరలన్నీ వెతికి నాలుగు పుస్తకాలు తెచ్చింది. మొదటిది "బీరువా వెనక" అనే దొంగల కథ. రెండోది "విషసర్పాలు". మూడోది "గుడ్లు, పిల్లలు", కోళ్లు పెంచేవాళ్ల కోసం రాసింది. నాలుగోది, బద్ధకస్తులను నిద్ర లేపడానికి ఎవరో రాసిన "ఇంకా ఆలస్యమెందుకు?". పేర్చి చదివేసరికి క్లాసంతా బల్లలు చరుస్తూ నవ్వింది. గోడకు అంటిద్దాం, తెల్లకాగితం మీద గుండ్రంగా రాసిపెట్టమంది టీచరు. ఆ పిల్ల రాసి, హాజరు పుస్తకం మీద పెట్టింది. హాజరు పుస్తకం కోసం వచ్చిన అటెండరు రెండూ కలిపి పట్టుకుపోయాడు.

హెడ్మాస్టరు గారు కాగితం చదివారు. "బీరువా వెనక విషసర్పాలు. గుడ్లు, పిల్లలు. ఇంకా ఆలస్యమెందుకు?"

ఆయనకు చెమటలు పట్టాయి. లైబ్రరీ బీరువా వెనక గోడకు కన్నం పడిందని ఆ టీచరు ఏడాదిలో మూడు అర్జీలిచ్చింది. మూడూ ఆయన బల్ల మీదే, పేపర్‌వెయిటు కింద భద్రంగా ఉన్నాయి. చివరి వాక్యం చూస్తే అచ్చం ఆవిడ ధోరణే. చేతిరాత మాత్రం చిన్నపిల్లల రాతలా ఉంది. పాపం, చెయ్యి వణికి ఉంటుందనుకున్నారు.

గంట ఆగకుండా మోగింది. ఆరొందల మంది పిల్లలు మైదానంలోకి వచ్చేశారు. అటెండరు వాచ్‌మన్‌కు రెండు పాములని చెప్పాడు. గుడ్లూ పిల్లలూ ఉన్నాయంటే రెండే ఎందుకుంటాయని వాచ్‌మన్ అయిదు చేశాడు. గేటు బయట చేరిన తల్లిదండ్రుల దగ్గరికి చేరేసరికి పదకొండయ్యాయి. వాళ్లలో ఎవరో విద్యాధికారికి ఫోను చేశారు.

పాములు పట్టే మనిషి కొక్కెం కర్రతో, గోనెసంచితో వచ్చి, పాముల్ని చూసిందెవరని అడిగాడు. అందరూ లైబ్రరీ టీచరు వైపు చూశారు. తానెందుకు ఎండలో నిలబడిందో ఆమెకు అప్పటిదాకా తెలియదు. హెడ్మాస్టరు గారి చేతిలో కాగితం చూడగానే సంగతి అర్థమైంది.

"పాములు గదిలో లేవు బాబూ, పుస్తకాల్లో ఉన్నాయి," అంది.

అతను గంభీరంగా తలూపాడు. పుస్తకాల్లో దూరాయంటే పిల్లపాములేనని, వాటితోనే ఎక్కువ ప్రమాదమని చెప్పి లోపలికి వెళ్లాడు. ఆమె హెడ్మాస్టరు గారికి అసలు సంగతి చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆగమన్నారు. ఈలోగా పాములతను ఒక్కొక్క పుస్తకాన్నీ దులిపి వరండాలోకి అందిస్తున్నాడు. అరగంటలో లైబ్రరీ మొత్తం మైదానంలోకి వచ్చి పడింది.

ఊరికే కూర్చోలేక ఆరో తరగతి వాళ్లు పుస్తకాలు పేర్చడం మొదలుపెట్టారు. వాళ్లను చూసి ఏడో తరగతి, ఆ తర్వాత బడి మొత్తం. ఏ కబురు బాగుందో తేల్చే పని లెక్కల టీచరు మీద పడింది. హెడ్మాస్టరు గారు ఆ దొంతరలు చూశారు, చేతిలో కాగితం చూశారు, మళ్లీ దొంతరలు చూశారు. తర్వాత లైబ్రరీ టీచర్ని వరండాలోకి పిలిచి తెల్లకాగితం చేతికిచ్చారు.

"బడిని భయపెట్టినందుకు క్షమాపణ రాసివ్వండి. సోమవారం నుంచి మీ పీరియడ్లు ఉండవు."

ఆమె ఆ తెల్లకాగితాన్ని వరండా పిట్టగోడ మీద పెట్టేసింది.

"రాయను సార్. ఆరో తరగతి పిల్ల ఒక్క తప్పు లేకుండా రాసింది, మీరు నమ్మారు. ఇందులో క్షమాపణ ఎవరికి చెప్పాలి?"

"ఉద్యోగం గురించి ఆలోచించుకోండి."

"ఆలోచించుకునే చెబుతున్నాను. పీరియడ్లు తీసేస్తే బడి వదిలాక గేటు దగ్గర నిలబడి ఆడిస్తాను."

అంతలో విద్యాధికారి కారు దిగారు. పాములతను కూడా దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చి, పాము లేదని చెప్పాడు. బీరువా వెనక మాత్రం తలకాయ పట్టేంత కన్నం ఉందనీ, పాము రావాలనుకుంటే దారి సిద్ధంగా ఉందనీ అన్నాడు. ఆ కన్నం ఎన్నాళ్లుగా ఉందని అధికారి అడిగారు. ఏడాదిగా ఉందనీ, మూడు అర్జీలిచ్చాననీ లైబ్రరీ టీచరు చెప్పింది. అధికారి హెడ్మాస్టరు గారి వైపు తిరిగారు.

హెడ్మాస్టరు గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా ఆయన సమయానికి తేరుకుని చేతిలో కాగితాన్ని ముందుకు చాపారు. "ఇది నాలుగో అర్జీ సార్. అందిన రెండు నిమిషాల్లో బడి ఖాళీ చేయించాను."

అధికారి చదివి మెచ్చుకున్నారు. సోది లేదనీ, అర్జీ అంటే ఇలా ఉండాలనీ అన్నారు. ఎవరు రాశారని అడిగితే హెడ్మాస్టరు గారు దీనంగా లైబ్రరీ టీచరు వంక చూశారు.

"మా లైబ్రరీ పీరియడ్లో రాసిందే సార్, చివరి ఏడు నిమిషాల్లో," అంది ఆమె. "సోమవారం నుంచి ఆ పీరియడ్లు..."

"వారానికి రెండు చేస్తున్నాం సార్," అన్నారు హెడ్మాస్టరు గారు.

ఆనాటి నుంచి లైబ్రరీ గదిలోంచి ఏ కాగితం వచ్చినా ఆయన రెండేసి సార్లు చదువుతున్నారు. లైబ్రరీ టీచరు ఆ నెల నివేదికలో పాఠకుల సంఖ్యను ఒకటి పెంచి రాసింది.