నాగవల్లికి లైన్ క్లియర్

బెంగాలీ ఊళ్లో తెలుగువాళ్ల రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో నాగవల్లి ఆ ఉదయం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కూరలకని సంచి పట్టుకుని బయలుదేరడం, ఇందా పేట అవతల ఉన్న బళ్లో పది గంటలకు లెక్కల పరీక్ష రాయడం, వచ్చేటప్పుడు నిజంగానే వంకాయలు తేవడం.

యాభై ఆరేళ్ల వయసులో ఆమె ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టిందని మొగుడికి తప్ప ఎవరికీ తెలియదు. తొమ్మిదితో చదువు మాన్పించి పెళ్లి చేశారు. ఆ మిగిలిపోయిన ఒక్క క్లాసు నలభై ఏళ్లుగా ఆమెకు గొంతులో ముల్లు. ఇదే ఆఖరి పేపరు.

"పాసయ్యేదాకా ఎవలికీ సెప్పకండి. నవ్వుతారు," అంది.

"నేనెందుకు సెప్తాను?" అన్నాడు ఈశ్వరప్రసాద్.

చెప్పలేదు కూడా. కానీ ఆయన స్టేషన్ మాస్టర్. అవతలి స్టేషన్‌కు చెప్పి లైన్ క్లియర్ తీసుకోకుండా బండి వదిలిన మనిషి కాడు, చేరిందని కబురు రాకుండా కుర్చీలో ఒరిగిన మనిషీ కాడు. రెస్టు రోజైనా ప్రాణం ఊరుకోలేదు. ఇందాలో ఉన్న తన కింది ఉద్యోగి దినకర్‌కు ఫోన్ చేశాడు.

"మీ వదిన ఆటోలో అటొస్తంది. ఇందా దాటగానే నాకు సెప్పు."

"ఎక్కడికి మాస్టారూ?"

"అది సెప్పకూడదు."

దినకర్ ఫోన్ పెట్టేసి భార్య శ్రీవిద్యకేసి చూశాడు. "వదిన ఒక్కర్తీ ఎల్లిపోతందట. ఎక్కడికో సెప్పట్లేదు. ఆయన గొంతు వణుకుతంది."

ఇంకేం కావాలి? శ్రీవిద్య ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఐదు నిమిషాల్లో తగువు ఖాయమైంది, పది నిమిషాల్లో తప్పు ఆయనదేనని తేలిపోయింది.

ఆటో ఇందా చేరేసరికి శ్రీవిద్యతో కలిపి ఆరుగురు ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. "దాదా, రోకో!" అని ఆటోవాణ్ణి ఆపేశారు.

"పుట్టింటికెల్లిపోతావా వదినా? మేం సచ్చిపోనామా?" అంటూ శ్రీవిద్య వదినను వాటేసుకుని ఏడ్చింది.

"వంకాయలకే బాబూ!"

"వంకాయలు ఇక్కడున్నాయి కదా, ఆటో అటెల్తందేటి?" అంది పొరుగింటి రూతు.

దినకర్ ఇంటికి లాక్కెళ్లి టీ పోశారు. నాగవల్లి లేచినప్పుడల్లా ఇద్దరు కూర్చోబెట్టారు. బండి చేరిన కబురు రాక ఈశ్వరప్రసాద్ మళ్లీ ఫోన్ చేస్తే, శ్రీవిద్య అందుకుని, "ముందొచ్చి మా వదిన కాల్లట్టుకోండి!" అని పెట్టేసింది.

తొమ్మిది నలభై. నాగవల్లికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సంచి తీసి నేలమీద బోర్లించింది. స్కేలు, రెండు పెన్నులు, హాల్ టికెట్టు పడ్డాయి.

"పది గంటలకి లెక్కల పరీక్ష నాకు! టెన్త్ రాస్తన్నాను. నవ్వుకోండి!"

ఎవరూ నవ్వలేదు. రాధారాణి అనే పెద్దావిడ హాల్ టికెట్టు మీది ఫొటోనూ ఎదుటి మనిషినీ రెండుసార్లు చూసి, "ఇంకా కూకున్నారేటే? లెగండి!" అని అరిచింది.

రెండు ఆటోలు బడి గేటు మూస్తుండగా చేరాయి. కాపలా మనిషి గార్డియన్లు బయటే ఉండాలని చెయ్యి అడ్డం పెట్టాడు. నాగవల్లి హాల్ టికెట్టు చూపించింది. అతను చదివి, నిటారుగా నిలబడి, "ఆసున్ మాసీమా," రండి పిన్నిగారూ అని బెంగాలీలో అంటూ గేటు బార్లా తెరిచాడు.

ఒంటిగంటకు ఆమె బయటికొచ్చేసరికి ఆరుగురూ గోడవార నిలబడే ఉన్నారు. వాళ్ల వెనక సైకిలుతో, తలవంచుకుని ఈశ్వరప్రసాద్. భార్యను చూడగానే ఆయన గర్వంగా తలెత్తి, సైకిలు క్యారియరు తుడిచాడు.

"పాసైపోతాను," అంది నాగవల్లి. "మీ సంగతి ఇంటికాడ సూస్తాను."

శ్రీవిద్య దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "వదినా, నవ్వకు. నేను ఎనిమిదితో ఆపేసినాను. ఆ ఫారం ఎక్కడిస్తారేటి?"

"నాకూ ఒకటి," అంది రూతు. మిగతా నలుగురూ చేతులెత్తారు.

వచ్చే ఏడాది ఈశ్వరప్రసాద్ ఆరు బండ్లకు లైన్ క్లియర్ అడగాలి.