కుడిచేతి వరకు ఉద్యోగం

కనీస వేతనాలు పెరిగిన నెలలో, కోటగుమ్మం దగ్గరి శ్రీ కుసుమ విలాస్ హోటల్ వారు దోసెల మాస్టర్ పాపారావుని కుడిచేతి వరకు ఉద్యోగంలో ఉంచుకుని, మిగతా మనిషికి అరకేజీ మైసూర్‌పాక్ ఇచ్చి ఇంటికి పంపించేశారు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. జీతాలు పెరిగాయి కాబట్టి హోటల్ వారు దోసెల మెషిన్ కొన్నారు. పిండి అదే పోసుకుంటుంది, అదే తిప్పుకుంటుంది, మడిచి పళ్ళెంలోకి అదే తోస్తుంది. టీకి వెళ్ళొస్తానని అనదు, పుష్కరాలకి బంధువులొచ్చారని సెలవడగదు. దానికి రానిదల్లా ఒక్కటే. పెనం మీద అరచెయ్యి ఆడించి, తగిలే సెగని బట్టి సమయం కనిపెట్టి, నాలుగు నీటిచుక్కలు చిలకరించి, సగం ఉల్లిపాయతో ఒక్క రుద్దు రుద్దడం. ఆ పని చాలా ఏళ్ళుగా పాపారావు కుడిచెయ్యి చేస్తోంది. ఆ సమయంలో మిగతా పాపారావు ఊరికే నిలబడి ఉంటున్నాడని సీసీ కెమెరాలో తేలింది.

చట్టం ప్రకారం కనీస వేతనం మనిషికి. మనిషిలో కొంత భాగమే పనిచేస్తే ఎంత ఇవ్వాలని హోటల్ వారు రాసి అడిగితే, తూకం ప్రకారం ఇవ్వమని పైనుంచి జవాబొచ్చింది. పాపారావుని ఉల్లిపాయల కాటా మీద నిలబెట్టి తూచారు. తర్వాత చేతిని విడిగా తూచారు. హోటల్ ఓనరు కోదండరామయ్యగారు ధర్మాత్ముడు. వేలికున్న ఉంగరం తియ్యకుండానే తూచమన్నారు.

చెయ్యి విడదియ్యడం మేనేజరు నీలిమ స్వయంగా చూసుకుంది. పెద్ద చదువు చదివొచ్చిన పిల్ల. ఆవకాయ జాడీ మూత తిప్పినట్టు మోచేతి పైన పట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది, వచ్చేసింది. నొప్పేమీ లేదు. ఎండాకాలంలో కాస్త బిగుసుకుంటుంది, కొబ్బరినూనె రాసుకోండి, అని చెప్పి పంపింది.

ఈ సంగతి విని పాపారావు భార్య సీతారత్నం ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తర్వాత, హోటల్లో చేతికి టిఫిన్ పెడతారా అని అడిగింది. ఎదురింటి సర్వర్ గవర్రాజుని అయితే మొత్తంగా తీసేశారు, గోరు కూడా ఉంచుకోలేదు. అతగాడి పెళ్ళాం వీధి గుమ్మంలో కూర్చుని, "నీకేం రత్నం, మీ ఆయన చెయ్యి పర్మినెంటు" అని మూతి తిప్పుకుంటూ ఉంటే, తను అదృష్టవంతురాలినేనని సీతారత్నానికి అనిపించడం మొదలెట్టింది.

రోజూ తెల్లారగానే చెయ్యి స్నానం చేసి, షేర్ ఆటోలో వెళ్ళేది. సీటు ఆక్రమించదు కాబట్టి ఆటోవాడు సామాన్ల చార్జీ తీసుకునేవాడు. సాయంత్రం ఉల్లిపాయ వాసనతో తిరిగొచ్చేది. ఇంట్లో ఉన్న ఎడమచెయ్యే దానికి సబ్బు పట్టించేది. బయటినుంచి వచ్చి కాళ్ళు కడుక్కోకుండా లోపలికి రావడమేమిటని సీతారత్నం అత్తగారు బతికుంటే అడిగి ఉండేవారు.

చిక్కంతా మిగతా పాపారావుతోనే. పగలంతా ఇంట్లో ఉండి మంట తగ్గించమనీ, పోపు మాడుతోందనీ, మినప్పప్పు ఇంకాస్త నానాలనీ అనేవాడు. వంటగదిలో నాలుకకి పని తప్ప చేతికి పని లేని మగవాడు ఉంటే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇలా కొన్నాళ్ళు గడిచాక, బైపాస్ రోడ్డులో సాంబారు మెషిన్ పెట్టిన ఒక హోటల్‌ వారు, రుచి చూడ్డానికి ఆ నాలుకనే పొద్దుటిపూట రెండుగంటలు పనిలోకి తీసుకున్నారు. ఆ రెండుగంటలూ ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉండేదో సీతారత్నం ఎవరితోనూ అనలేదు.

ఆ తర్వాత చెవులకి ఉద్యోగం వచ్చింది. స్టేషన్ ఎదురుగా ఒక హోటల్లో మనిషన్నవాడే లేడు. ఆర్డరు తెర మీద, బిల్లు తెర మీద, పళ్ళేలు చక్రాల బండి మీద. అయితే చట్నీ నీళ్ళగా ఉందని తిట్టడానికి ఎవరూ లేక, తిన్నది అరగడం లేదని జనం ఫిర్యాదు చేశారు. కౌంటరు మీద పాపారావు చెవులు పెట్టారు. అవి జవాబు చెప్పక్కర్లేదు, వింటే చాలు. నవ్వుని ఇంకో హోటల్ వారు గుమ్మంలో స్వాగతం చెప్పడానికి తీసుకున్నారు. నవ్వుకి తూకం లేదు కనుక జీతం కుదరలేదు. నెలకోసారి స్వీటు ప్యాకెట్టు ఇచ్చేవారు.

ఈ జీతాలన్నీ కలిపినా వెనకటి పాపారావు జీతంలో సగానికి రాలేదు. పేపర్లో మాత్రం హోటళ్ళలో ఉద్యోగాలు నాలుగు రెట్లు పెరిగాయని వేశారు. నిజమే. వెనక పాపారావుకి ఉన్నది ఒక్క ఉద్యోగమే గదా.

అన్నిటికీ సర్దుకుపోయిన సీతారత్నానికి ఒక్కచోట మాత్రం గొంతులో వెలక్కాయ పడింది. వాళ్ళ పిల్ల లిఖితకి నాలుగేళ్ళు, ఎడమచేతి వాటం. ప్రసాదం ఎడమ చేత్తో పడుతుంది, అన్నం ఎడమ చేత్తో తింటుంది. చుట్టాలిళ్ళలో ఆ చెయ్యి ముందుకొచ్చినప్పుడల్లా సీతారత్నం దాన్ని వెనక్కి లాగి, "కుడిచెయ్యే, కుడిచెయ్యి" అని నెత్తీ నోరూ కొట్టుకునేది. తండ్రి తన కుడిచేత్తో పిల్ల కుడిచెయ్యి పట్టుకుని పళ్ళెంలో బియ్యం మీద మొదటి అక్షరం దిద్దిస్తే, ఆ వాటం అదే మారిపోతుందని పంతులుగారు అన్నారు. శ్రీపంచమి నాడు పగటిపూట ముహూర్తానికి అక్షరాభ్యాసం. తండ్రి ఇంట్లోనే ఉన్నాడు. అతని కుడిచెయ్యి డ్యూటీలో ఉంది.

సీతారత్నం హోటల్‌కి వెళ్ళి నీలిమ ముందు నిలబడింది. శ్రీపంచమి నాడు చేతికి సెలవు కావాలని అడిగింది.

"చేతికి సెలవులుండవమ్మా. సెలవులు మనిషికి."

"మనిషి ఇంట్లోనే ఉన్నాడు గదండీ."

"అందుకేగా ఆయనకి రోజూ సెలవిచ్చేశాం" అంది నీలిమ, ఇంత మంచితనాన్ని ఎవరూ గుర్తించరేమా అన్నట్టు.

అర్జీ పెట్టుకోవచ్చా అంటే పెట్టుకోవచ్చంది. దాని మీద పాపారావు సంతకం ఆఫీసులోనే పెట్టాలి. ఆ సంతకం చేసే చెయ్యి డ్యూటీ వేళల్లో సొంత పనులు చెయ్యకూడదు. డ్యూటీ అయ్యాక ఆఫీసు ఉండదు. నీలిమ కాసేపు ఆలోచించి, బొటనవేలూ చూపుడువేలూ అయితే పావుగంట పంపగలనంది.

"రెండు వేళ్ళతో వత్తులు చేసుకుంటాం గానీ అక్షరాలేం దిద్దిస్తామండీ. ఆ మధ్యవేలు కూడా వెయ్యండి."

రైతుబజార్లో కొత్తిమీర కొసరడిగినట్టు సీతారత్నం ఒక్కొక్క వేలే అడుగుతూ వచ్చింది. ఉంగరపు వేలు ఎలాగూ ఉంగరంతో సహా మాదే గదా అంది. చిటికెనవేలు ఒక్కటీ ఉంచుకుని మీరేం చేసుకుంటారంది. ఆఖరికి టిఫిన్లు అయిపోయి భోజనాలు మొదలయ్యే మధ్యలో, అరగంట సేపు చెయ్యి మొత్తం ఇవ్వడానికి బేరం కుదిరింది. పార్సిల్ చార్జీలు అదనం.

శ్రీపంచమి నాడు చెయ్యి వెండిరంగు పార్సిల్ కవర్లో, వేడి వేడిగా వచ్చింది. దాన్ని జాగ్రత్తగా వెనక్కి తీసుకెళ్ళడానికి నీలిమ కూడా వచ్చింది. పాపారావు పట్టుపంచె కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. నాలుక ఇంట్లోనే ఉంది గానీ చెవులకి పర్మిషన్ దొరకలేదు. పంతులుగారి పెదాలు చూసి మంత్రాలు చెబుతున్నాడు. ఎవరిదో పెళ్ళి విందు ఉందని నవ్వుని కూడా పంపలేదు. ఫొటోలో ఆయన మొహం కరెంటు పోయిన ఇల్లులా వచ్చింది.

లిఖిత పళ్ళెం దగ్గర కూర్చుని, అలవాటు కొద్దీ ఎడమచెయ్యి చాపింది. సీతారత్నం లటుక్కున దాన్ని లాగి, కుడిచెయ్యి తీసి తండ్రి చేతిలో పెట్టింది.

చెయ్యి ముందు బియ్యం మీద ఒకసారి ఆడి, సెగ చూసింది. పంచపాత్రలో వేళ్ళు ముంచి నాలుగు చుక్కలు చిలకరించింది. తర్వాత పిల్ల చెయ్యి పట్టుకుని, బియ్యం మధ్యలో మొదలుపెట్టి, గుండ్రంగా, ఒకదాని చుట్టూ ఒకటి, అంచుదాకా తిప్పుకుంటూ పోయింది. ఎక్కడా మందం లేదు, ఎక్కడా చిల్లు లేదు.

పంతులుగారు కళ్ళజోడు సవరించుకుని, ఇది ఏ అక్షరం కిందికి వస్తుందో తనకీ తెలియడం లేదన్నారు.

"దోసె" అంది లిఖిత. "నాన్న దోసె రాశాడు."

పాపారావు ఆ చేతికేసి, బస్సులో పక్క సీటువాడి చేతిని చూసినట్టు చూశాడు. ఏదో అనబోయాడు. నాలుక కూడా ఉద్యోగానికి అలవాటుపడింది కాబట్టి, "ఉప్పు సరిపోయింది" అని మాత్రం వచ్చింది.

సీతారత్నం ఒక్కక్షణం కూడా ఆలోచించలేదు. బియ్యం చదును చేసి, తన కుడిచేత్తోనే పిల్ల కుడిచెయ్యి పట్టుకుని ఓంకారం దిద్దించింది. అమ్మ పట్టుకోకూడదని ఎక్కడా లేదన్నారు పంతులుగారు, పులిహోర వాసన వస్తున్న వైపు చూస్తూ. అయితే తల్లి వదలగానే ఆ చిన్న కుడిచెయ్యి ఓంకారం జోలికి పోలేదు. మధ్యలో మొదలుపెట్టి అంచుదాకా గుండ్రంగా తిప్పేసింది, తండ్రి చెయ్యి తిప్పినంత పల్చగా.

నీలిమ ముందుకొచ్చి పిల్ల చేతిని మురిపెంగా ఎత్తి చూసింది. "ఎంత తేలిగ్గా ఉందో" అంది.

సీతారత్నం పిల్ల భుజం పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "చిన్నపిల్లండీ."

"మాకు తెలుసమ్మా, పిల్లల్ని పెట్టుకోం. చట్టం ఒప్పుకోదు." నీలిమ చేతిని మెల్లగా కిందికి దించింది. "పిల్ల చెయ్యి మాటేమిటని రాసి అడిగాం. ఇంకా జవాబు రాలేదు."

తాంబూలం ఇచ్చే వేళకి నీలిమ చూపు సీతారత్నం చేతి మీద పడింది. సీతారత్నం పులిహోర పోపులో ఇంగువ వేస్తోంది, చూడకుండా, చిటికెడు. హోటల్లో చట్నీ మెషిన్‌కి గ్రాములు తెలుసు గానీ చిటికెడు తెలియదు. దానికోసం వాళ్ళు ఆరునెలలుగా వెతుకుతున్నారు.

"అనుభవం ఎంతమ్మా?"

"పెళ్ళైనప్పటినుంచీ చేస్తూనే ఉన్నానండీ."

"ఎక్కడ?"

"ఇంట్లోనే."

"అయితే అనుభవం లేదని వేస్తాను" అంది నీలిమ.

సీతారత్నం రెండురోజులు ఆలోచించింది. తన చెయ్యి వెళ్ళి చట్నీ దగ్గర కూర్చుంటే, ఒక ఇంటినుంచి రెండు చేతులు చాలునని వాళ్ళు పిల్ల చెయ్యి ఊసెత్తకుండా ఉంటారేమో అనిపించింది. బడి ఫీజు ఎలాగూ ఉంది. వంట అయ్యి, గిన్నెలు తోముకున్నాకే చెయ్యి వస్తుందని కచ్చితంగా చెప్పింది. ఈ ఒక్క షరతుకీ హోటల్ వారు వెంటనే ఒప్పుకున్నారు. ఇంట్లో పని ఎవరు చేసుకున్నా వాళ్ళకి అభ్యంతరం లేదు. భర్త చెయ్యి వేళని కూడా దాంతో కలిపేశారు, ఆటో ఒక్కటే సరిపోతుందని.

సోమవారం రెండు చేతులూ కలిసి బయల్దేరాయి. షేర్ ఆటోలో వెనకాల, కూరగాయల సంచీకీ స్టెప్నీ టైరుకీ మధ్య ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి. పెళ్ళైన తర్వాత ఆ మొగుడూ పెళ్ళాలు అలా చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళడం అదే మొదటిసారి. గుమ్మంలో నిలబడి చూస్తున్న సీతారత్నానికి, లేని అరచేతిలో కాస్త వెచ్చగా తగిలి, సిగ్గు కూడా వేసింది.

ఆటో కదులుతుంటే లిఖిత టాటా చెప్పడానికి కుడిచెయ్యి ఎత్తింది. ఇన్నాళ్ళూ నేర్పిన చెయ్యే, ఇవాళ దానంతటదే పైకి లేచింది. ఆటోవాడు అద్దంలోంచి చూసి, పిల్ల చెయ్యి భలే ఆడుతోందండీ అన్నాడు.

"ఎడమ చేత్తో చెప్పు తల్లీ" అంది సీతారత్నం.

పిల్ల తెల్లబోయి చూసింది. "కుడిచెయ్యి కదమ్మా మంచిది?"

"మంచిదే. అందుకే వెనక్కి పెట్టుకో."

లిఖిత కుడిచేతిని గౌను వెనక దాచుకుని, ఎడమచేత్తో, తనకి చేతనైన పద్ధతిలో, ఆనందంగా ఊపింది. మధ్యాహ్నం ఇంట్లో ముగ్గురూ ఎడమ చేతులతోనే అన్నం కలుపుకున్నారు. మొదటి ముద్ద కాస్త ఎబ్బెట్టుగా అనిపించింది. రెండో ముద్దకి అలవాటైపోయింది.